యోంకర్స్‌హుక్ మట్టిదారుల్లో

కేప్‌టౌన్‌కి తూర్పున యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది స్టెలెన్‌బాష్. 1679లో పుట్టిన ఊరు. వీధులకు అటూ ఇటూ ముదిరిన ఓక్ చెట్లు, ఊరు దాటితే ద్రాక్షతోటలు. విశ్వవిద్యాలయం ఆటస్థలాల పక్కగా ఈర్స్టె నది వెంట పైకి వెళ్తే దారి యోంకర్స్‌హుక్ లోయలోకి తీసుకెళ్లి అక్కడితో ఆగిపోతుంది. మూడు వైపులా కొండలే. నేను చూడటానికి వెళ్లింది ఈ లోయని. ఇక్కడ స్టేడియం లేదు, ప్రేక్షకులు కూర్చునే మెట్లు లేవు. పర్మిట్ తీసుకుని లోపలికి వెళ్తే పైన్ తోటల మధ్య ఎక్కే మట్టిరోడ్లు, వాటి నుంచి చీలిపోయే సన్నని బాటలు, అంతే. కాని ఎక్స్‌టెరా (రోడ్డు బదులు మట్టిబాటల్లో జరిగే ట్రయథ్లాన్) ప్రపంచ టైటిల్‌ని నాలుగుసార్లు (2001, 2002, 2007, 2010) గెలిచిన కాన్రాడ్ స్టోల్జ్, ఆరుసార్లు గెలిచిన బెర్ముడా అమ్మాయి ఫ్లోరా డఫీ, ఇద్దరూ ఈ ప్రాంతంలో సాధన చేసినవాళ్లే. రోడ్డు మీద నెగ్గలేని ట్రయథ్లెట్లు మట్టిలోకి దిగుతారన్న మాట ఈ ఆటలో తరచు వినిపిస్తుంది. ఆ మాట తప్పని నా అభిప్రాయం. డఫీ విషయంలోనైతే మట్టిదారే ఆమెను రోడ్డు మీద విజేతగా నిలబెట్టింది.

ఒక మలుపు దగ్గర కాసేపు నిలబడితే మట్టిలో సైకిల్ తొక్కడంలో ఉన్న విద్య కనిపిస్తుంది. దిగుడు బాట, ఎడమకు తిరిగే వంపు, వంపులో గులకరాళ్లు, వాటి కింద గట్టిపడిన నేల, అడ్డంగా ఒక పైన్ వేరు. అనుభవం ఉన్నవాళ్లు బ్రేకు వంపులోకి రాకముందే వేస్తున్నారు. వంపులో వేస్తే చక్రం జారుతుంది. సీటు మీంచి లేచి, రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో ఉంచి, చూపు ముందుచక్రం మీద కాకుండా వంపు అవతల నిలుపుతున్నారు. వేరు మీదికి వచ్చేసరికి మోచేతులు మెత్తబడతాయి, సైకిల్ ఎగిరినా మనిషి ఎగరడు. టైర్లు లావు, వాటి మీద రబ్బరు బుడిపెలు. గాలి రోడ్డు సైకిల్లో పట్టించే దానిలో మూడో వంతు కూడా ఉండదు. అంత మెత్తగా ఉంటేనే టైరు రాయిని పట్టుకుంటుంది. కొత్తవాళ్లు ఇదే మలుపులో ముందుచక్రాన్ని చూస్తూ బ్రేకు పట్టుకునే దిగుతున్నారు, కొందరు కాలు కింద పెడుతున్నారు. బలంలో ఇద్దరికీ తేడా లేకపోవచ్చు. తేడా అంతా ఏ క్షణంలో ఏం చెయ్యాలన్న నిర్ణయంలో ఉంది.

ఒలింపిక్ తరహా ట్రయథ్లాన్ పోటీకి లెక్క వేరు. ఒకటిన్నర కిలోమీటరు ఈత, నలభై కిలోమీటర్ల సైకిల్, పది కిలోమీటర్ల పరుగు. సైకిల్ మీద ఒకరి వెనక ఒకరు గాలి చాటున వెళ్లడానికి నియమాలు ఒప్పుకుంటాయి. దాంతో ఈతలో ముందు గుంపుని అందుకోలేనివారికి పోటీ అక్కడే దాదాపు అయిపోతుంది. స్కాట్లండ్‌కి చెందిన లెస్లీ పేటర్సన్‌ని దెబ్బతీసింది ఇదే. ఈతలో వెనకబడుతూ ఆమె కొన్నేళ్లు ఈ ఆటే మానేసింది. కొండబాటల్లో వేగం తక్కువ, దారి ఇరుకు, కాబట్టి గాలి చాటు వల్ల పెద్దగా లాభం లేదు. ఎవరి దారి వాళ్లే వెతుక్కోవాలి. ఆ పోటీలోకి వచ్చి పేటర్సన్ 2011, 2012, 2018లలో ప్రపంచ టైటిల్ గెలిచింది. ఇది ఓడినవారి ఆశ్రయం కాదు, వేరే ప్రశ్నలు అడిగే పరీక్ష. 1990లో మౌంటెన్ బైక్ ప్రపంచ విజేత అయిన నెడ్ ఓవరెండ్ నలభై దాటాక 1998, 1999లలో ఎక్స్‌టెరాలో నెగ్గాడంటే ఆ పరీక్షలో నేర్పుకి ఎంత విలువుందో ఊహించవచ్చు.

డఫీ కథ ఇంకా స్పష్టం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పోటీ పూర్తి చెయ్యలేదు. ఆట వదిలి అమెరికాలో డిగ్రీ చదువుకి వెళ్లింది. తిరిగొచ్చి 2012 లండన్‌లో దిగితే సైకిల్ మీంచి పడి 45వ స్థానంలో నిలిచింది. ఆ తరవాతే మట్టిలోకి దిగింది. 2014 నుంచి 2017 వరకు వరసగా నాలుగు ఎక్స్‌టెరా టైటిళ్లు, 2019లో ఐదోది, 2021లో ఆరోది. 2016లోనూ 2017లోనూ రోడ్డు ప్రపంచ టైటిల్ కూడా ఆమెదే. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునిగిపోతారని అనేవాళ్లకి ఆ రెండు సంవత్సరాలే సమాధానం.

అయితే ఒక అభ్యంతరాన్ని కాదనలేం. లండన్‌కీ ఆమె పెద్ద గెలుపులకీ మధ్య వయసు మారింది, సాధన మారింది, రక్తహీనత బయటపడి దానికి వైద్యం జరిగింది. ఘనతంతా మట్టికే ఇస్తే అన్యాయం. బ్రిటన్ ట్రయథ్లెట్ అలిస్టర్ బ్రౌన్లీ 2012, 2016లలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది కూడా ఈ బాట పట్టకుండానే. కనక ఇదొక్కటే దారి అనడం లేదు. నేను అంటున్నది ఇంతే: పడిపోతానన్న భయాన్ని తీసేసే చోటు ఇలాంటి లోయ, ఆ పని తారు రోడ్డు వల్ల కాదు. గాయాల భయం నిజమే, రాళ్లలో పడితే ఎముకలు విరుగుతాయి. కాని గుంపులో గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో తారు మీద పడటం అంతకన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు. నెమ్మదిగా జారుతూ నేర్చుకున్నవాళ్లకి అక్కడ జారకుండా ఉండటం తెలుస్తుంది.

2021 జూలై 27న టోక్యో ఒలింపిక్స్‌లో పొద్దున్నే వాన కురిసి మహిళల ట్రయథ్లాన్ పావుగంట ఆలస్యంగా మొదలైంది. మలుపులన్నీ తడి, సైకిళ్లు జారి పడ్డవాళ్లు చాలామంది. డఫీ ముందు గుంపులోనే ఉంది, పడలేదు. పరుగులో అందరినీ వదిలేసి 1 గంట 55 నిమిషాల 36 సెకన్లలో గీత దాటింది. గెలిపించింది పరుగే కదా అంటే, అవును, పరుగే. కాని ఆ పరుగు దాకా నిటారుగా రావాలి. తొమ్మిదేళ్ల కిందట లండన్‌లో రాలేకపోయింది. ఆమె దేశం జనాభా అరవై అయిదు వేలు కూడా లేదు. 1976 మాంట్రియల్‌లో బాక్సర్ క్లారెన్స్ హిల్ తెచ్చిన కాంస్యం తప్ప బెర్ముడాకి అప్పటివరకు ఒలింపిక్ పతకమే లేదు. ఆ దేశానికి అది మొదటి స్వర్ణం.