నాన్న పంపిన ఫొటోలు

నాన్న తెనాలిలో, నేను హైదరాబాద్‌లో. మధ్యలో ఓ గ్లూకోమీటర్, ఓ గూగుల్ షీట్. రోజూ పరగడుపున వేలు గుచ్చుకుని, మీటర్ ఫొటో వాట్సాప్‌లో పెడతారు. నేను షీట్‌లో ఎక్కిస్తా. డాక్టర్ గారు పెట్టిన టార్గెట్ 80 నుంచి 130.

మూడు నెలలు అన్నీ 110, 118, 112! మురిసిపోయా. తీరా రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయిస్తే 9.1. ఎక్కడో తేడా కొట్టింది. ఫొటోలు జూమ్ చేస్తే, మీటర్ మూలన పాత తేదీలు. మంచి నంబర్లున్న ఫొటోలనే తిప్పి తిప్పి పంపారు మహానుభావుడు!

ఫోన్ చేసి అరిచేశా. "ఎక్కువొస్తే తిడతావు కదమ్మా" అన్నారు నెమ్మదిగా. నిజమే. 190 వచ్చిన రోజు ‘ఏం తిన్నారు నాన్నా?’ అని గద్దించడమే తప్ప, ‘ఒంట్లో ఎలా ఉంది?’ అని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు షీట్‌లో రాసేది ఆయనే. రాత్రి ఏం తిన్నారో, ఎంతసేపు నడిచారో రాయడానికి పక్కన ఇంకో గడి పెట్టా. అన్నం తగ్గించి కూర పెంచిన రోజు తేడా ఆయనకే కనిపిస్తోంది.

నిన్న 172. పక్క గడిలో: ‘పెళ్లి భోజనం. రెండు బూరెలు.’

నేనేం అనలేదు. ఓ నవ్వు ఎమోజీ పెట్టా. కాసేపటికి గడిలో అంకె మారింది: ‘మూడు.’