తినొచ్చు, అరిగించుకోగలవా?

నాకు చెస్ నేర్పిన సార్ దగ్గర రెండు లాంగ్ నోట్‌బుక్కులు ఉండేవి. ఎడమవైపు ఎత్తులు, కుడివైపు ఆయన మాటలు. సిసిలియన్ నైడార్ఫ్‌లో పాయిజన్డ్ పాన్ అనే లైను ఉంది, ఓపెనింగ్ పుస్తకాల లెక్కలో బి97. బ్లాక్ క్వీన్ వెళ్లి బీ2లో ఉన్న తెల్ల బంటును తినేస్తుంది. అక్కడ సార్ రాసింది: “తినొచ్చు. అరిగించుకోగలవా?”

సెకండియర్ మినీ ప్రాజెక్టుకి ఓపెనింగ్ ట్రైనర్ చేశాను. గేములు లైచెస్ డేటాబేస్‌వి. వాళ్లు సీసీ జీరో కింద, అంటే ఏ షరతూ లేకుండా ఇస్తారు. కామెంట్లు మాత్రం సార్ నోట్‌బుక్కుల ఫొటోలు చూసి టైప్ చేశా. గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు లైసెన్స్ దగ్గర అలవాటుగా ఎంఐటీ నొక్కేశా. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా.

నెల తర్వాత సార్ ఫోన్. “మన నోట్‌బుక్కు ఇంటర్నెట్‌లో ఉందంట కదరా?”

ఎత్తులకి కాపీరైట్ లేదు సార్, అని మొదలుపెట్టా. (తెలిసింది చెప్పే చాన్స్ వస్తే మనం వదులుతామా!) 2016లో కార్ల్‌సన్, కర్యాకిన్ వరల్డ్ చాంపియన్‌షిప్ ఎత్తుల్ని వేరే సైట్లు లైవ్‌లో చూపించకుండా ఆపమని నిర్వాహకులు న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకెళ్తే జడ్జి ఒప్పుకోలేదు. ఆడిన ఎత్తు జరిగిన విషయం, అంతే. మన సుప్రీంకోర్టు కూడా 2007లో, తీర్పుల్ని పుస్తకాలుగా వేసే ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో, కష్టపడి పోగేసినంత మాత్రాన కాపీరైట్ రాదంది.

సార్ మొత్తం విన్నారు. “ఎత్తులు నావి కావురా. మరి అరిగించుకోగలవా అన్నదెవరు?”

ఆ రాత్రి తీర్పు మళ్లీ తెరిచా. ముందు సగమే చదివానన్నమాట. తీర్పులు ఎవరైనా అచ్చేసుకోవచ్చు, కానీ వాటిని అర్థం చేసుకుని పేరాలుగా విడగొట్టడంలో ఎడిటర్ పెట్టిన బుర్రకి రక్షణ ఉందని కూడా అందులోనే ఉంది. పేరాలకే అంత ఉంటే, సార్ సొంతంగా రాసిన వాక్యాల సంగతి వేరే చెప్పాలా? ఎక్కడా రిజిస్టర్ చేయకపోయినా అవి ఆయనవే. నేను చేసింది అత్త సొమ్ము అల్లుడు దానం.

కామెంట్లు తీసేశా. డిలీట్ కొడితే సరిపోదు, పాత కమిట్లలో ఉండిపోతాయి, హిస్టరీ మొత్తం తిరగరాయాల్సొచ్చింది. అయ్యాక సార్‌కి ఫోన్ చేసి చెప్పా.

“తీసెయ్యమని ఎవరన్నారురా? పిల్లలు చదువుకుంటే మంచిదే. ఒక్క మాట అడిగి పెట్టుంటే బాగుండేది.”

దానికి చెప్పడానికి నా దగ్గర ఏ కేసూ లేదు.

ఇప్పుడు మళ్లీ పెట్టా, ఆయన పేరుతో, అమ్ముకోకూడదనే షరతుతో. ఈలోపు ముగ్గురు ఫోర్క్ చేసుకున్నారు. ఇద్దరు మెసేజ్ పెట్టగానే తీసేశారు. మూడో అతను ఇంకా రిప్లై ఇవ్వలేదు.