ఆరు దినాల వంతు

తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో, వడమాలపేట చుట్టుపక్కల పల్లెల్లో, రైతుకు భూమి ఎంత ఆస్తో ఆ భూమిని తడిపే బావిలో భాగమూ అంతే ఆస్తి. మా చిత్తూరు సీమలో పాత భాగపరిష్కార పత్రం తీసి చూస్తే, సర్వే నంబరు, హద్దులతో పాటు బావిలో, మోటారులో ఎవరికి ఎన్నో భాగమో కూడా రాసి ఉంటుంది. పెద్దగా చదువుకోని రైతు కూడా ఆ లెక్కలో తప్పడు.

అదే ఇంటి పిల్ల బడిలో 1/2కు 1/3 కలపమంటే 2/5 అని రాస్తుంది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేస్తుంది. మనం కొట్టేసి, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కనుక్కోమంటాం. అంతకంటే ముందు ఒక ప్రశ్న అడగాలి. 2/5 అంటే సగం కంటే తక్కువ కదా, సగానికి ఇంకొంత చేరిస్తే అది తగ్గుతుందా? ఆ ప్రశ్న దగ్గర పిల్ల ఆగి ఆలోచించిందంటే చదువు మొదలైనట్టే.

ఇక బావి దగ్గరికి పోదాం. ముగ్గురన్నదమ్ములకు ఒకటే బావి, తలా 1/3. పెద్దాయన పోయినాక ఆయన భాగం ఇద్దరు కొడుకులకు చెరి 1/6 వచ్చింది. నీళ్లు ఎట్లా పంచుకోవాలి? ఆరు దినాల వంతు పెట్టుకుంటారు. చిన్నాయనకు రెండు దినాలు, నడిపాయనకు రెండు, కొడుకులకు ఒక్కో దినం. కొడుకుల్లో ఒకడు చెన్నైకి పోతూ తన భాగం చిన్నాయనకు అమ్మినాడనుకుందాం. చిన్నాయన దినాలు రెండూ ఒకటీ మూడు. ఆరింట మూడు, అంటే బావిలో సగం. భాగాలు చేతులు మారినా వంతు ఆరు దినాలే. లవాలను కలుపుతాం, హారాన్ని కలపం అనే సూత్రానికి కారణం ఇదే. తర్వాత ఆయన కూతురికి 1/6 రాసిస్తే మూడు దినాల్లో ఒకటి పోయి రెండు మిగులుతాయి. తీసివేత కూడా అంతే.

ఇంకో బావిలో ఒకరికి 1/4, ఒకరికి 1/6. ఇక్కడ ఆరు దినాల వంతు పెడితే 1/4 వాడికి ఒకటిన్నర దినం వస్తుంది. పన్నెండు దినాలు పెడితే మూడు, రెండు. ఇద్దరివీ కలిపితే 5/12. ఇరవైనాలుగు దినాలు పెట్టినా లెక్క కుదురుతుంది. కానీ తన వంతు వచ్చేదాకా మడి ఎండిపోతుంది. అందరికీ నిండు దినాలు రావాలి, వంతు త్వరగా తిరిగి రావాలి. కనిష్ఠ సామాన్య గుణిజం చేసే పని అదే.

తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో భిన్నాల కూడికకు ఈ పద్ధతినే చెప్పాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఈ లెక్క మనకు కొత్తది కాదు.

మన తాతల కాలంలో చేతిలోని డబ్బే భిన్నాలు నేర్పేది. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు, మొత్తం 192 పైలు. ముగ్గురు పంచుకుంటే తలా 64, చిల్లర మిగలదు. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలైంది. కూడికలు సులువయ్యాయి గానీ, నూరు మూడు సమభాగాలు కాదు. బావుల సంగతీ మారింది. ఎవరి పొలంలో వాళ్లు బోరు వేసుకున్నాక వంతులతో పని తగ్గింది. పిల్లలకు భిన్నాలు ఎదురుపడే చోట్లు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి.

అందుకే ఆ పని ఇప్పుడు బడి చేయాలి. సూత్రం చెప్పక ముందు, నల్లబల్ల మీద ఒక బావి గీసి, భాగాలు రాసి, "ఎన్ని దినాల వంతు పెడదాం?" అని పిల్లలను అడగాలి. వాళ్లు వాదించుకోనీ, తప్పు పెట్టి దిద్దుకోనీ. ఎవరికీ అన్యాయం జరగని సంఖ్యను వాళ్లే కనుక్కుంటే, దానికి క.సా.గు. అని పేరు చెప్పడం ఒక్క నిమిషం పని.