చార్మినారు గుమ్మంలో అక్షరం

హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చార్మినారు చూడకుండా తిరిగి రారు. కాని ఆ చార్మినారును జేబులో వేసుకు తిరిగిన రోజులు కూడా వున్నాయని ఇప్పటి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నైజాం రాజ్యానికి సొంత నాణెం వుండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. హాలీ అంటే చెలామణీలో వున్నది అని అర్థం. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో, 20వ శతాబ్దం మొదటి సంవత్సరాలలో, ఆ వెండి రూపాయి మీదికి చార్మినారు బొమ్మ ఎక్కింది. ఈ హాలీ డబ్బు మన రూపాయితోపాటు 1959 దాకా చెల్లింది. తెలంగాణా పల్లెల్లో పాత పెట్టెలు వెతికితే ఇప్పటికీ నాలుగైదు రూపాయలు బయటపడుతూ వుంటాయి. బయటపడీ పడకముందే ఇంట్లో ఎవరో ఒకరు చింతపండు నానబెడతారు. చిక్కంతా అక్కడే వుంది.

చార్మినారునుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే గుల్జార్ హౌజ్ వస్తుంది. చుట్టూ నాలుగు కమానులు, నడుమ నీళ్ళ తొట్టి. అది దాటి పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద నడుస్తుంటే ముత్యాలూ, వెండీ, బట్టలూ, బేరాలూ ఒకదానిమీద ఒకటి వచ్చి పడతాయి. చార్మినారు చుట్టుపక్కల సందుల్లో వెండివరఖు కొట్టే సుత్తి చప్పుడు ఇంకా వినిపిస్తుంది. మిఠాయి మీద అతికే ఆ రేకు ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. వెండి ఎంత మెత్తనిదో తెలుసుకోవాలంటే అంతకంటె పాఠం అక్కర్లేదు.

అలాంటి ఒక సందులో, పాత నాణేలు అమ్మే చిన్న దుకాణంలో కూర్చుని వున్నాను. ఒకావిడ, పెళ్ళీడు కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. కొంగుముడి విప్పి పదకొండు హాలీ రూపాయలు గాజుబల్ల మీద పోసింది. ఆరు తళతళలాడుతున్నాయి. అయిదు నల్లగా, అంచులవైపు కాస్త నీలంగా వున్నాయి.

"మా అత్తమ్మ ఇచ్చి పోయిన రూపాయలు. బిడ్డ పెండ్లికి పెట్టాలె. ఈ అయిదు గూడ తెల్లగ చేసిస్తరా, సేఠ్?" అని అడిగింది.

దుకాణదారు పెద్దవయసువాడు. ఒక్కొక్క రూపాయినీ అంచులు పట్టుకుని ఎత్తి, భూతద్దంలో చూశాడు. తళతళలాడే ఆరింటినీ ఒకవైపుకు జరిపాడు. నల్లవాటిని మెత్తని గుడ్డమీద పెట్టాడు.

"ఏం పెట్టి తోమినరమ్మా ఇవి?"

"దీపావళికి లక్ష్మీపూజల పెట్టేటివి అవి. ఏటేటా చింతపండు, ముగ్గుపిండి పెట్టి తోముతుంటిమి. ఈ అయిదు మాత్రం పెట్టె అడుగున వుండిపొయినయి."

"అమ్మే మాటైతే ఈ తెల్లటివి తూకానికి పోతయమ్మా. నల్లటివే సిక్కాలు."

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఏళ్ళ తరబడి భక్తితో చేసిన పనికి ఇదా ఫలం అన్నట్టు చూసింది. ఆయన మాట్లాడకుండా భూతద్దం ఆవిడ చేతికిచ్చి, నల్ల రూపాయి మీద చార్మినారు గుమ్మం చూడమన్నాడు. గుమ్మం నడుమ ఒక చిన్న ఉర్దూ అక్షరం వుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీఖాన్ నాణెం. 'ఐన్' అయితే 1911లో గద్దె ఎక్కిన ఉస్మాన్ అలీఖాన్ నాణెం. చార్మినారు ఒకటే, గుమ్మంలో అక్షరమే వేరు. తరువాత తోమిన రూపాయి చూపించాడు. నేనూ తొంగి చూశాను. గుమ్మం వుంది, అందులో అక్షరం వున్నచోట ఒక మసక గీత మాత్రం మిగిలింది. ఏ నిజాముదో చెప్పడానికి నాణెం దగ్గర మాట లేదు.

ఇంతకీ ఆ నలుపు ఏమిటి? మనం అనుకున్నట్టు అది మట్టి కాదు, మురికి కాదు. గాలిలోని గంధకపు వాయువు వెండితో కలిసి పైన ఏర్పడే పొర. మురికికాలవ, పొగ, రబ్బరు, ఉన్ని, ఉడికించిన కోడిగుడ్డు, వీటన్నిటినుంచీ ఆ గంధకం వస్తుంది. ఆ పొరలో వున్నది నాణెం తాలూకు వెండే. అంచేత నలుపు తీశామంటే నాణెం చర్మం కొంత తీశామన్నమాటే. ఆమ్లపు మందు నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసినా నష్టం తప్పదు. టంకశాలలో అచ్చు పడ్డప్పుడు లోహం అంచులవైపు పారి, కంటికి ఆననంత సన్నని గీతలు ఏర్పడతాయి. కొత్త నాణెం తిప్పితే వెలుగు చక్రంలా తిరిగేది ఆ గీతల వల్లనే. ఆమ్లం వాటిని తినేస్తుంది. తెల్లదనం మిగులుతుంది, జీవం పోతుంది.

పైగా ఏ రూపాయీ మేలిమి వెండి కాదు. హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8 పాళ్ళు, తక్కినది ప్రధానంగా రాగి. ఇంగ్లీషువాళ్ళ రూపాయి 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు వంతులు వెండి. 1940 నుంచి అందులో వెండి సగానికి పడిపోయింది. రాగి పాలు ఎక్కువైనకొద్దీ ఆమ్లం చేసే చెరుపూ ఎక్కువే.

"మరి ఏం జెయ్యాలె?" అని కూతురు అడిగింది. ఆ పెద్దాయన చెప్పినవి, ఇళ్ళలో ఉపయోగిస్తాయి గనక వరుసగా రాస్తున్నాను.

అన్నిటికంటె మంచిపని ఏమీ చేయకపోవడం. మట్టి అంటివుంటే గాజుగిన్నె అడుగున మెత్తని గుడ్డ పరచి, డిస్టిల్డు వాటరులో కొన్ని గంటలు నాననివ్వాలి; నీళ్ళు మారుస్తూ వుండాలి. జిడ్డు, గోందు, ప్లాస్టిక్ సంచీలవల్ల పట్టిన పచ్చని జిగురు వుంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో నానబెట్టవచ్చు. అది ఇట్టే అంటుకుంటుంది గనక పొయ్యికీ, దీపానికీ దూరంగా, కిటికీలు తెరిచి, గాజుగిన్నెలోనే చేయాలి. గోళ్ళరంగు తుడిచే సువాసన మందు దీనికి పనికిరాదు. తీశాక పాత నూలుగుడ్డతో అద్దాలి, తుడవకూడదు. ఎప్పుడైనా అంచులే పట్టుకోవాలి. పచ్చని పొడి రాలుతూ పెరుగుతుంటే తెలిసినవాళ్ళకు చూపించాలి. దాచేటప్పుడు రబ్బరు బ్యాండు, ఉన్నిగుడ్డ, వార్తాపత్రిక, మెత్తని ప్లాస్టిక్ సంచీ వద్దు; తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పక్కన వుంచాలి. వంటసోడా, అల్యూమినియం రేకు, వేడినీళ్ళ చిట్కా వెండి కంచాలకు సరే, నాణేలకు కాదు.

"మరి ఈ ఆరు?" అన్నదావిడ.

"వాటిని అమ్మకమ్మా. పూజల పెట్టేటివి పూజలనే వుండనియ్. మీ అత్తమ్మ చెయ్యి వాటి మీదనే ఎక్కువ తిరిగింది."

"ఆ అయిదు నాకు నల్లగనే ఇయ్యి అమ్మా" అన్నది పిల్ల. తల్లి నవ్వి, ఆరింటినీ మళ్ళీ కొంగున ముడివేసుకుంది. అయిదింటికీ దుకాణదారు అయిదు చిన్న కాగితపు కవర్లు ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

ఈ రూపాయలకు పుట్టినిల్లు చూడాలంటే పాతబస్తీ వదిలి సైఫాబాదు రావాలి. సచివాలయం దగ్గర మింట్ కాంపౌండు అంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు. 1903లో ఇక్కడికి వచ్చిన టంకశాల, 1950లో భారత ప్రభుత్వం చేతికి వెళ్ళింది. 1997లో నాణేల పని చర్లపల్లికి తరలిపోయింది. 2022లో ఈ పాత కట్టడం మ్యూజియంగా తలుపులు తెరిచింది. నాణెం ముద్ర పడేది రెండు అచ్చుల నడుమ, ఒక్క రెప్పపాటులో. ఆ తరువాత దానికి దిద్దుబాటు లేదు. గుమ్మంలో అక్షరం ఒకసారి అరిగిపోతే దాన్ని మళ్ళీ వేసే అచ్చు ఏ చింతపండులోనూ దొరకదు.

ఈసారి మీరు చార్మినారుకు వెళ్ళినప్పుడు, పెట్టె అడుగున వున్న నల్ల రూపాయిని కాగితంలో చుట్టి తీసుకువెళ్ళండి. కట్టడానికి ఎదురుగా నిలబడి, అంచులు పట్టుకుని, గుమ్మంలో ఎవరున్నారో చూడండి.