పద్దులో లేని కుక్క

పక్కింటి కుక్క అనేది ఒక ప్రత్యేకమైన జీవి. పెంచేది ఒకరు, దాని కోసం నిద్ర పాడు చేసుకునేది మరొకరు. వీధి కుక్కకు యజమాని లేడు కాబట్టి అది నాలుగు గడపలు తిరిగి కడుపు నింపుకుంటుంది. బాగా చూసుకునే ఇంట్లో కుక్కకు ఆ తిరుగుడు అవసరమే ఉండదు. ఈ రెండింటి మధ్య ఇంకొకటి ఉంది. దానికి యజమాని ఉంటాడు, మెడలో పట్టీ ఉంటుంది, ఒక్కోసారి టైగర్ అనో రాజా అనో పేరు కూడా ఉంటుంది. వేళకు తిండి మాత్రం ఉండదు. వెళ్లి వెతుక్కుందామంటే గొలుసు అడ్డం. వీధి కుక్కకున్న స్వేచ్ఛ, ఇంటి కుక్కకున్న భరోసా రెండూ దక్కని ఈ మూడో రకం ప్రతి గల్లీలోనూ ఒకటి కనిపిస్తుంది.

నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాకు వాయవ్యపు కొసన, కర్ణాటక సరిహద్దు పక్కన ఉంది. స్థానికులు ఖేడ్ అని ఊరుకుంటారు. 2016 అక్టోబరు 11 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. 2018లో మున్సిపాలిటీ అయింది. అంగట్లో నిలబడితే తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ చెవిన పడతాయి. కుక్కను అదిలించే కేక మాత్రం అన్ని భాషల్లోనూ ఒకటే. ఈ ప్రాంతంలో కుక్క ఒకప్పుడు పనిచేసి తిన్నది. గొర్రెల మంద వెంట నడిచింది, కళ్లంలో ధాన్యం కాసింది, పశువుల కొట్టం ముందు పడుకుంది. పని ఉన్నచోట రొట్టె ముక్క ఎవరూ అడగకుండానే పడేది. ప్లాటు కొని, ఇల్లు కట్టి, ఇనుప గేటు పెట్టాక కుక్క ఉద్యోగం మారింది. గేటు దగ్గర ఎవరైనా వచ్చినప్పుడు మొరగడమే ఇప్పుడు దాని పని. కరెంటు బిల్లు రాని కాలింగ్ బెల్ అది. బెల్లుకు ఎవరూ అన్నం పెట్టరు గదా అనుకున్నట్టుంది కొందరు యజమానులు.

నిర్లక్ష్యంలోనూ తేడాలున్నాయి. దసరా దాటాక ఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ల నుంచి కుటుంబాలు చెరకు కొట్టడానికి వలస పోతాయి. జహీరాబాద్ వైపు కొందరు, కర్ణాటక, మహారాష్ట్ర ఫ్యాక్టరీల వైపు కొందరు. తాళం పడిన ఇంటి ముందు కుక్క ఉండిపోతుంది. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే వాళ్లకు అందిన దాంట్లోనే దానికీ ఇంత అందుతుంది. పొట్ట చేతబట్టుకుని పోయినవాళ్లను ఈ విషయంలో తప్పు పట్టడం అన్యాయం. రెండంతస్తుల ఇల్లు కట్టి, గేటుకు మూరెడు గొలుసుతో కుక్కను కట్టేసి, పొద్దున కారెక్కి పోయి రాత్రి వచ్చేవారి సంగతి వేరు. ఈ వ్యాసం వారి కుక్క గురించే.

ఆ కుక్క భారం పడేది పక్కింటి జమాఖర్చుల మీద. మధ్యతరగతి ఇంటి నెల లెక్కకు కొన్ని పద్దులు ఎప్పుడూ ఉంటాయి: కందిపప్పు, నూనె, పాలు, గ్యాసు, పిల్లల ఫీజు, చిట్టీ, మహిళా సంఘం అప్పు కిస్తు, కిరాణం దుకాణంలో ఉద్దెర. రేషన్ కార్డు ఉన్నవారికి 2025 ఉగాది నుంచి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం వస్తోంది. నలుగురుంటే 24 కిలోలు. తలల లెక్కన వచ్చే బియ్యంలో కుక్క తల లేదు, పక్కింటి కుక్క తల అసలే లేదు. అయినా దాని తిండి ఎక్కడో ఒకచోట పుస్తకంలోకి చేరుతుంది. రోజుకు ఒక 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ అంటే ఏడాదికి 1,825 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఆ తగ్గింపు 5 రూపాయల ప్యాకెట్ కొనేవారి జేబుకు తెలిసేంత పెద్దది కాదు. ఈ మొత్తాన్ని "పక్కింటి కుక్క" అని రాసే గృహిణి ఉండదు. "బిస్కెట్లు" అని రాస్తుంది. నెలాఖరున "పిల్లలు బిస్కెట్లు ముట్టరు గదా, ఇన్ని ఎవరికి?" అని ఇంటాయన అడుగుతాడు. "వచ్చిపోయేటోళ్లకు" అని జవాబు వస్తుంది. గోడ అవతల ఉన్నది ఏ రోజూ ఎక్కడికీ పోదని ఇద్దరికీ తెలుసు.

ఈ ఖర్చు ఇలా పెరగడానికి అసలు కారణం ఫ్రిజ్. అది రాకముందు రాత్రి మిగిలింది తెల్లారేసరికి సద్ది అయ్యేది. ఇంట్లోవాళ్లు తినగా మిగిలింది కుడితిలోకో కుక్కకో పోయేది. ఇప్పుడు మిగిలిన పప్పు డబ్బాలోకెక్కి మూడు రోజులు బతుకుతుంది. పొదుపు పెరిగింది, కుక్క వాటా పోయింది. ఆ వాటాను ఇప్పుడు దుకాణంలో ప్యాకెట్ల రూపంలో కొనాల్సి వస్తోంది.

సద్ది అన్నాక జొన్న రొట్టె సంగతి చెప్పక తప్పదు. ఖేడ్, జహీరాబాద్ నల్లరేగళ్లలో యాసంగి జొన్న పంట. ఈ నేల మీద మనిషి తిన్నది రొట్టె, కుక్క తిన్నదీ రొట్టే. చేత్తో తట్టి పెనం మీద కాల్చిన జొన్న రొట్టె మర్నాటికి గట్టిపడుతుందే గాని పాడు కాదు. మజ్జిగలో నానేస్తే కుక్క ఇష్టంగా తింటుంది. చక్కెర లేదు, మైదా లేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చాక పేదింటి పొయ్యి మీద రొట్టె పెనం స్థానంలో అన్నం గిన్నె నిలబడింది. ఆకలి తీరిన మాట నిజం, దాన్ని కాదనేవారు ఆకలి ఎరగనివారు. అదే 1983లో జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. ఈ నేలకు జొన్నలు, సజ్జలు, కొర్రలే సరైన పంటలని దళిత మహిళా రైతుల సంఘాలతో పని మొదలుపెట్టింది. రేషన్ దుకాణంలో బియ్యం ఒక్కటే ఎందుకు, జొన్నలు ఎందుకు ఇవ్వరని అడిగి, జొన్నలతో ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీని నడిపి చూపింది. ఆ సంస్థను నడిపిన పి.వి. సతీష్ 2023 మార్చిలో పోయారు. అది ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాదే. ఇప్పుడు లెక్క తలకిందులైంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు సాధారణ వరికి 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699. పేదోడి రొట్టె అనిపించుకున్నది పట్నంలో హోటల్ మెనూ ఎక్కింది. దాన్ని కుక్కకు వేయాలంటే ఇంటావిడ ఒకసారి ఆలోచిస్తుంది. రొట్టె చేసే ఓపిక, తట్టే చెయ్యి తగ్గిపోవడం ఇంకో కథ. బిస్కెట్ ప్యాకెట్ గెలిచింది ఆ ఓపిక లేనిచోటే తప్ప రుచి వల్ల కాదు.

తిండి విషయంలో దయ ఒక్కటే సరిపోదు. ఉల్లిపాయ కుక్క రక్తంలో ఎర్రకణాలను దెబ్బ తీస్తుంది. తెలుగిళ్లలో ఉల్లిపాయ పడని కూర వెతికి చూడాల్సిందే. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కూడా విషమే. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఉత్త అన్నం, పెరుగన్నం, ఉడికిన గుడ్డు, నానిన రొట్టె మేలు. అన్నిటికంటే ముందు కావాల్సింది నీళ్లు. కిలో బరువుకు రోజుకు సుమారు 50, 60 మిల్లీలీటర్ల లెక్కన 15 కిలోల కుక్కకు లీటరు దాకా కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి ఒగర్చి వేడి దించుకుంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల పంచకింద కట్టేసిన కుక్కకు మట్టి తొట్టిలో నీళ్లు పోయడానికి పద్దు అక్కర్లేదు. గోడ మీంచి చెంబు వంచితే చాలు.

చెంబు వంచడం తేలికే, నోరు విప్పడమే కష్టం. "అక్కా, మీ కుక్క పొద్దంతా మొరుగుతుంది, నీళ్లు లేవేమో" అన్న మాటను ఎంత మెత్తగా అన్నా అవతల "మేం చూసుకోవట్లేదా?" అనే వినిపిస్తుంది. పాలు తోడుకు, పెళ్లి పిలుపుకు, చిట్టీ పాటకు అవసరమయ్యే పొరుగుతో కుక్క కోసం చెడగొట్టుకునే ధైర్యం అందరికీ ఉండదు. కుక్క తరఫున ఫిర్యాదు అంత కొత్తదేమీ కాదు. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ ఉంది. జనమేజయుడి తమ్ముళ్లు ఏ తప్పూ చేయని కుక్కపిల్లను యజ్ఞశాల దగ్గర కొడతారు, దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరకొచ్చి నిలదీస్తుంది. రాజు భయపడి శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటాడు. కుక్కపిల్ల దెబ్బలకు మందు ఎవరు పెట్టారో కథలో లేదు. భక్తి తీరు కూడా అంతే. ఖేడ్ నుంచి సరిహద్దు దాటితే బీదర్ జిల్లా ఖానాపూర్‌లో మైలార మల్లన్న ఉన్నాడు. ఆ దేవుణ్ణే మరాఠీవారు ఖండోబా అంటారు, ఆయన గుర్రం పక్కన కుక్క ఉంటుంది. ఇంకొంత దూరం పోతే గాణగాపురం. అక్కడి దత్తాత్రేయుడి పటంలో పాదాల దగ్గర ఉండే నాలుగు కుక్కలను నాలుగు వేదాలని చెబుతారు. ఆ పటానికి రోజూ పూలు పెట్టే ఇంటి గేటుకే ఒక్కోసారి ఎండిన గిన్నె, మూరెడు గొలుసు కనిపిస్తాయి.

చట్టం ఈ విషయాన్ని మరిచిపోలేదు, కాకపోతే ధర కట్టి వదిలేసింది. రాజ్యసభలో నామినేటెడ్ సభ్యురాలిగా ఉన్న నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. 11వ సెక్షన్ స్పష్టంగా ఉంది: అతి పొట్టి గొలుసుతోనో అతి బరువు గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం, చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, అన్నీ నేరాలే. శిక్ష మొదటిసారి 10 నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో పది గ్రాముల బంగారం సుమారు 110 రూపాయలు. 50 రూపాయలంటే నాలుగు గ్రాములకు పైమాట, ఏ ఇంటికైనా గుచ్చుకునే సొమ్ము. ఇప్పుడు అదే 50కి లీటరు పాలు కూడా రావు. ఇన్నేళ్లలో పార్లమెంటు ఎన్ని పన్నులు, ఎన్ని జీతాలు సవరించిందో అందరికీ తెలుసు. ఈ 50 రూపాయల గరిష్ఠాన్ని మాత్రం పెంచలేదు. 2022 నవంబరులో శిక్షలు పెంచే ముసాయిదాను కేంద్రం జనం ముందు పెట్టింది, అది ముసాయిదాగానే మిగిలింది. పైగా ఈ నేరాలు పోలీసులు నేరుగా కేసు కట్టగలిగినవి కావు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. మూడు నెలలు దాటితే ప్రాసిక్యూషన్ కూడా కుదరదు.

చంపడం, అవిటి చేయడం మీద చట్టం కొంచెం మారింది. 1860 నాటి శిక్షాస్మృతి 10 రూపాయల విలువ చేసే జంతువుకు ఒక శిక్ష, 50 రూపాయలు చేసేదానికి ఇంకో శిక్ష అని తూకం వేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఆ ధరలు తీసేసి, ఏ జంతువుకైనా ఐదేళ్ల దాకా శిక్ష పెట్టింది. ఆకలితో, ఎండతో, గోమార్లతో నెమ్మదిగా చచ్చేదానికి మాత్రం పాత ధరే.

పట్టించుకోకపోతే వచ్చే ఖర్చు అంతకంటే పెద్దది. టీకా లేని కుక్క గొలుసు తెంపుకున్న రోజు గల్లీలో ఎవరి పిల్లవాణ్ణి కరుస్తుందో తెలియదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ప్రభుత్వ ఆస్పత్రిలో టీకా ఉచితమే, కాని మొదటి రోజు, 3, 7, 28 రోజులకు నాలుగుసార్లు తిరగాలి. కూలికి పోయే తల్లికి అవి నాలుగు రోజుల కూలి. ఆ నష్టం కుక్క యజమాని పద్దులో పడదు.

2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుకు నట్టల మందు, టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ యజమాని బాధ్యతే. పక్కింటివారు తమ పరిధిలో నీళ్లు, తిండి ఇవ్వవచ్చు. జబ్బు చేస్తే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగవచ్చు. ఏటా జులై 6న, ప్రపంచ జూనోసిస్ దినాన, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు గేటు దగ్గర గొలుసు విప్పి కుక్కను ఆస్పత్రి దాకా నడిపించుకు రావాల్సింది దాని యజమానే.