ఏటి పొడుగునా ఒకటే గోడు

నైజర్ నది పుట్టేది గినీ కొండల్లో, అట్లాంటిక్ సముద్రానికి సుమారు 240 కిలోమీటర్ల దూరంలో. సముద్రాన్ని అంత దగ్గర పెట్టుకుని అది ఈశాన్యంగా సహారా ఇసుక వైపు బయల్దేరుతుంది. మాలీలో టింబక్టూ దాటాక మనసు మార్చుకుని దక్షిణానికి తిరుగుతుంది. మొత్తం 4,180 కిలోమీటర్లు నడిచి చివరికి అదే అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఆ నడకలో ఆఖరి అంచె నైజీరియాది. దేశానికి పేరిచ్చింది కూడా నదే. 1897లో లండన్ ‘టైమ్స్’ పత్రికలో ఫ్లోరా షా అనే పాత్రికేయురాలు ఆ పేరు సూచించింది. తర్వాత ఆమె పెళ్లాడిన బ్రిటిష్ పాలకుడు లుగార్డే 1914లో ఉత్తర, దక్షిణ ప్రాంతాలను కలిపి ఒకే పాలన కిందకు తెచ్చాడు. దేశం మీద విసుగొచ్చినప్పుడల్లా నైజీరియన్లు ఈ మొగుడూ పెళ్లాల కథ ఎత్తుకుంటారు.

విసుగు పడటానికి అక్కడ ఎవరికీ మొహమాటం లేదు. దక్షిణాది పట్నాల్లో పొద్దున్నే పేపర్లమ్మే చోట గుంపు చేరుతుంది. పేపరు కొనరు. నిలబడి హెడ్డింగులు చదివి వాదన మొదలెడతారు. ఆ గుంపుకు వ్యవహారంలో ఉన్న పేరు ‘ఉచిత పాఠకుల సంఘం’. ఉత్తరాదిలో సాయంత్రాలు మగవాళ్లు వీధి మలుపులో చాప పరిచి, రేడియో పెట్టుకుని కూర్చుంటారు. దాన్ని మజలిస అంటారు. మన రచ్చబండ లాంటిదే, కాకపోతే తీర్పులుండవు, తిట్లే. 1957 నుంచి వస్తున్న బీబీసీ హౌసా భాషా వార్తలు అయిపోగానే తిట్లు మొదలవుతాయి. ఆడవాళ్ల చర్చ బజారులో, డెరికా టమాటా డబ్బాతో బియ్యం కొలిచే చోట. నా మట్టుకు ఈ మూడింటిలో ఆ మూడోదే ఎక్కువ నమ్మదగినది. అక్కడ వాదించే మనిషి చేతిలో డబ్బులుంటాయి, అవి చాలవు.

నది నైజీరియాలో అడుగుపెట్టేది వాయవ్యాన, కెబ్బి రాష్ట్రంలో. వరి పండే నేల. 2015 నవంబరులో అధ్యక్షుడు బుహారీ వరి రైతులకు అప్పులిచ్చే పథకాన్ని ఇక్కడే ప్రారంభించాడు. 2019 ఆగస్టులో సరిహద్దులు మూసి విదేశీ బియ్యాన్ని అడ్డుకున్నాడు. హౌసాలో తలకావా అంటే సామాన్య జనం. మూడుసార్లు ఓడినా బుహారీని వదలకుండా నాలుగోసారి, 2015లో, గెలిపించుకున్నది వాళ్లే. డబ్బు తినడు, దొంగల పని పడతాడు అని నమ్మారు. ఆయన పాలనలోనే మోటారు సైకిళ్ల మీద వచ్చే సాయుధ ముఠాలు వాయవ్య రాష్ట్రాల్లో పొలానికి పోవాలంటే పన్ను కట్టమనే దాకా వచ్చాయి. 2021 జూన్‌లో బిర్నిన్ యౌరిలోని కేంద్ర ప్రభుత్వ కళాశాల నుంచి పిల్లల్ని ఎత్తుకుపోయారు. కొందరు ఆడపిల్లలు రెండేళ్లకు గానీ ఇల్లు చేరలేదు. వాళ్ల విడుదల కోసం తల్లిదండ్రులు చందాలు పోగేయాల్సి వచ్చింది.

ఉత్తరాది పేదలు అన్నీ అల్లా మీద వేసి ఊరుకుంటారని దక్షిణాదిలో ఒక మాట ఉంది. అది పాత మాట. 2024 ఆగస్టులో ఆకలి మీద దేశమంతా నిరసనలు జరిగితే, అవి ఉధృతంగా సాగిన చోట్లలో నదికి దూరంగా ఉన్న కానో ఒకటి. అక్కడ కొందరు కుర్రాళ్లు రష్యా జెండాలు పట్టుకున్నారు. వాళ్లకు రష్యా గురించి ఏం తెలుసని చాలామంది నవ్వారు. ప్రభుత్వం మాత్రం నవ్వలేదు. ఆ నిరసనల్లో పట్టుబడిన 76 మంది మీద రాజద్రోహం మోపింది. నవంబరులో వాళ్లను కోర్టుకు తెస్తే, అందులో ఉన్న పిల్లల్లో కొందరు సొమ్మసిల్లి పడిపోయారు. దేశం మండిపడ్డాక కేసు ఎత్తేశారు. ఆ ఉత్తరాది పిల్లల కోసం దక్షిణాన లేగోస్ క్రైస్తవులూ గొంతెత్తారన్నది గుర్తుపెట్టుకోవాలి.

యౌరి దిగువన నది కైంజి జలాశయంగా పరుచుకుంటుంది. 1806లో స్కాట్లాండు యాత్రికుడు ముంగో పార్క్ ప్రాణాలు పోగొట్టుకున్న బుస్సా ఆ నీళ్ల కిందే ఉంది. 1960ల చివర ఆనకట్ట కట్టినప్పుడు సుమారు 44 వేల మందిని ఖాళీ చేయించారు. 760 మెగావాట్ల కేంద్రం, కొత్త దేశపు గర్వం. ఇవాళ 20 కోట్ల పైచిలుకు జనాభా ఉన్న దేశానికి గ్రిడ్ నుంచి అందేది నాలుగైదు వేల మెగావాట్లు. 2024లో గ్రిడ్ పదేపదే కుప్పకూలింది. కరెంటు రాగానే పిల్లలు ‘అప్ నేపా!’ అని అరుస్తారు. నేపా అనే ప్రభుత్వ సంస్థను 2005లోనే ఎత్తేశారు, పంపిణీని 2013లో ప్రైవేటుకిచ్చారు, అయినా కేక మారలేదు. ఉన్నవాళ్లకు పెద్ద జనరేటర్లు. లేనివాళ్లకు చేత్తో మోసుకుపోయే చిన్న జనరేటరు, దాని ముద్దుపేరు ‘పక్కింటోడికన్నా నేనే నయం’. ఇంట్లో బోరు సొంతం, కరెంటు సొంతం, వీధి కాపలా సొంతం. మా ఇల్లే ఒక స్థానిక ప్రభుత్వం అని నైజీరియన్లు వేసుకునే హాస్యం ఇలా పుట్టిందే. 2024 ఏప్రిల్‌లో రోజుకు 20 గంటల సరఫరా ఇస్తామన్న ‘బ్యాండ్ ఎ’ ఇళ్లకు యూనిట్ ధర 68 నైరాల నుంచి 225కు పెంచారు. ఆ రోజుల్లో అక్కడ వినపడిన తిట్లు ఇక్కడ అచ్చు వేయదగినవి కావు.

జెబ్బా దగ్గర రైలు వంతెన కింద నుంచి నది క్వారా రాష్ట్రం అంచున సాగుతుంది. హౌసాలో నది పేరే క్వారా. ఇక్కడ ఉత్తరం ముస్లిం, దక్షిణం క్రైస్తవం అనే పటం పనికిరాదు. యొరుబా తెగ ఇళ్లలో ఒకే కప్పు కింద రెండు మతాలూ ఉంటాయి. క్రిస్మస్ అన్నం, బక్రీదు మాంసం ఇరుగు పొరుగు పంచుకుంటారు. అధ్యక్షుడు టినుబు ముస్లిం, భార్య రెమీ ఒక పెద్ద పెంతెకొస్తు సంఘంలో పాస్టర్. అలాగని అంతా తీపి కాదు. క్వారా రాజధాని ఇలోరిన్‌లో 2021లో మిషన్ బడుల్లో హిజాబ్ వేసుకోవచ్చా అన్న గొడవకు కొన్ని బడులు మూసేశారు. 2023 ఎన్నికలకు టినుబు తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా మరో ముస్లింను, షెట్టిమాను, ఎంచుకుంటే చర్చిలు భగ్గుమన్నాయి. కానీ 1993లో అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు పోటీ చేసిన అబియోలా, కింగిబే కూడా ఇద్దరూ ముస్లింలే. అప్పుడు క్రైస్తవులు వాళ్లకు ధారాళంగా ఓట్లేశారు. ఆ ఎన్నికను రద్దు చేసింది సైన్యం. ముప్ఫై ఏళ్లలో జనానికి భక్తి పెరిగిందని నేననుకోను. తన వాడు కుర్చీలో లేకపోతే తనకేదీ దక్కదన్న భయం పెరిగింది, అంతే. బడి, ఆసుపత్రి, ఉద్యోగం అన్నీ సిఫారసు మీద నడిచే చోట మతం కూడా ఒక సిఫారసు ఉత్తరమే.

బారో అనే చిన్న రేవు దగ్గర ఆగనక్కర్లేదు. 2019 జనవరిలో నదీ రేవుగా ఆర్భాటంగా ప్రారంభించారు. చేరడానికి సరైన రోడ్డు లేదు, ఓడలూ రాలేదు.

లొకోజాలో ఆగాలి. కామెరూన్ నుంచి వచ్చే బెన్యూ ఇక్కడ నైజర్‌లో కలుస్తుంది. రెండు రంగుల నీళ్లు కొంతదూరం కలవకుండా పక్కపక్కనే నడుస్తాయి. 1900 జనవరి 1న రాయల్ నైజర్ కంపెనీ జెండా దించి బ్రిటిష్ జెండా ఎత్తింది ఈ ఊళ్లోనే. కంపెనీకి 8,65,000 పౌండ్లు చెల్లించి ఈ ప్రాంతం మీద హక్కులు తీసుకున్నారు. దేశాన్ని కొన్న రసీదు అది అని నేటికీ చదువుకున్న కుర్రాళ్లు ఎద్దేవా చేస్తారు. 2012లో, 2022లో లొకోజా మునిగింది. 2022 వరదల్లో దేశం మొత్తం మీద 600 మందికి పైగా పోయారు, 14 లక్షల మంది ఇళ్లు వదిలారు. రాజధాని అబుజాకు వెళ్లే రోడ్డు నీళ్ల కిందకు పోవడంతో అక్కడ పెట్రోలు కరువొచ్చింది. కామెరూన్ లాగ్డో ఆనకట్ట గేట్లెత్తింది అని ప్రభుత్వం. ఆ నీటిని పట్టడానికి మనవైపు కడతామన్న డాసిన్ హౌసా ఆనకట్ట ఏదీ అని జనం. లాగ్డో పూర్తయింది 1982లో. డాసిన్ హౌసా ఇంకా కాగితం మీదే ఉంది.

బెన్యూ తన వెంట ఇంకో గోడు కూడా మోసుకొస్తుంది. ఆ లోయలో క్రైస్తవ రైతులకూ ఫులానీ పశువుల కాపరులకూ మధ్య పోరు ఏళ్లుగా సాగుతోంది. 2017లో బెన్యూ రాష్ట్రం బహిరంగ మేతను నిషేధించింది. 2025 జూన్‌లో యెల్వాటా అనే ఊళ్లో ఒక్క రాత్రిలో వందమందికి పైగా చంపేశారు. రైతును అడిగితే ఇది మా మతం మీద, మా భూమి మీద యుద్ధం అంటాడు. కాపరిని అడిగితే మేత దారులు దున్నేశారు, మా ఆవుల్ని దోచారు, ఉత్తరాన నేల ఎండిపోతోంది, ఎక్కడికి పోవాలి అంటాడు. 2025 అక్టోబరు చివర ట్రంప్ నైజీరియాను మత స్వేచ్ఛకు ముప్పున్న దేశంగా ప్రకటించాక ఈ వాదన ఇంకా వేడెక్కింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారని అనేసి పక్కకు తప్పుకోవడం నాకు ఇష్టం లేదు. నిద్రలో ఉన్న కుటుంబాలను చంపడానికి మేత కరువు సాకు కాదు. అయితే ఒక్క విషయంలో రైతూ కాపరీ ఒకే మాట అంటారు: ఫోన్ చేస్తే పోలీసులు రారు, వచ్చినా అంతా అయిపోయాక వస్తారు.

కొంచెం దిగువన, కుడి ఒడ్డున, అజావొకుటా ఉక్కు కర్మాగారం. సోవియట్ సాయంతో 1980 ప్రాంతంలో పని మొదలైంది, ఇంతవరకూ ఒక్క టన్ను ఉక్కు కరిగించలేదు. ఇందులో మనవాళ్ల పాత్రా ఉంది. 2004లో దీన్ని భారతీయ వ్యాపారి ప్రమోద్ మిత్తల్ కంపెనీకి అప్పగించారు, 2008లో ఒప్పందం రద్దు చేశారు. ఆ తగవు తీర్చుకోవడానికి 2022లో నైజీరియా 49.6 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. నడవని ఫ్యాక్టరీకి అంత సొమ్ము!

ఇక ఒనిట్షా. పశ్చిమాఫ్రికాలోనే పేరుమోసిన బజారు, ఇగ్బో తెగ వర్తకుల కోట. మన పుణె బజాజ్ ఆటోలు అక్కడ ‘కేకే’ పేరుతో తిరుగుతాయి. కేకే డ్రైవరుతో మాట కలిపితే ఐదు నిమిషాల్లో మూడు సంగతులు వస్తాయి: పెట్రోలు, దేవుడు, వెళ్లిపోవడం. పెట్రోలు ముందు. 2023 మే 29న ప్రమాణ స్వీకారం రోజునే టినుబు సబ్సిడీ పోయిందని ప్రకటించాడు. 200 నైరాల లోపున్న లీటరు వారంలోనే 500 అయింది, 2024 చివరికి వెయ్యి దాటింది. డాలరు 460 నైరాల నుంచి సుమారు 1,500కు పోయింది. 2024 డిసెంబరులో ద్రవ్యోల్బణం 34.8 శాతం. అప్పట్లో కనీస వేతనం నెలకు 70 వేల నైరాలు, 50 కిలోల బియ్యం బస్తా లక్ష దగ్గర. ఆ డిసెంబరులోనే ఒనిట్షాకు దగ్గర్లోని ఒకిజాలో ఉచిత బియ్యం కోసం తోపులాటలో 20 మందికి పైగా చనిపోయారు.

సబ్సిడీ తీసేయడాన్ని జనం గుడ్డిగా తప్పుపట్టలేదన్నది పైనుంచి చూసేవాళ్లు గమనించరు. అది దళారులూ దొంగ రవాణాదారులూ తింటున్నారని వీధిలో అందరికీ తెలుసు. 2023 అధ్యక్ష ఎన్నికల్లో టినుబు, అతికు, ఒబి ముగ్గురూ తీసేస్తామనే ఓట్లడిగారు. ఇప్పుడు జనం ప్రశ్న వేరు: మిగిలిన డబ్బు ఎక్కడ?

ఇగ్బోల ప్రశ్నలో ఇంకో పాత లెక్క ఉంది. ఒనిట్షాను అసాబాతో కలిపే వంతెన 1965లో కట్టారు, 1967 అక్టోబరులో ఇగ్బోల వేరు దేశం కోసం పోరాడుతూ వెనక్కి తగ్గుతున్న బియాఫ్రా సేనలు దాన్ని పేల్చాయి. అదే నెలలో అసాబాలో స్వాగతం పలకడానికి వచ్చిన పౌరులను కేంద్ర సైన్యం కాల్చి చంపింది. 1970లో యుద్ధం ముగిశాక బ్యాంకులో ఎంత దాచుకున్నా ఇగ్బోలకు దక్కింది 20 పౌండ్లు. ఆ 20 పౌండ్ల కథ వినని పిల్లాడు ఉండడు. 2021 ఆగస్టు నుంచి వేర్పాటువాదుల పిలుపుతో సోమవారాలు బజారు మూసే ఆనవాయితీ వచ్చింది. వర్తకులు మనసులో బియాఫ్రా అన్నా, సోమవారం నష్టాన్ని మాత్రం గొణుక్కుంటూనే లెక్కపెడుతూ వచ్చారు. 2023లో ఇక్కడి మాజీ గవర్నరు పీటర్ ఒబి వెంట కుర్రకారు కదిలింది. పోలింగు రాత్రి ఫలితాలు వెబ్‌లో పెడతామన్న ఎన్నికల సంఘం పెట్టలేకపోయింది. నమోదైన 9.3 కోట్ల ఓటర్లలో ఓటేసింది 27 శాతం. ఇంతగా రాజకీయం మాట్లాడే జనం ఇంత తక్కువగా ఓటేయడం బద్ధకమని నేననను. క్యూలో నిలబడే కూలీ గిట్టుబాటు కాదని తేల్చుకున్నారు. చదువుకున్నవాళ్లు ‘జపా’ అంటూ కెనడాకో, బ్రిటన్‌కో దారి వెతుక్కుంటున్నారు.

ఒనిట్షా దిగువన నది పాయలుగా చీలి మడ అడవుల్లోకి పోతుంది. 1956లో ఒలోయిబిరిలో చమురు పడింది. ఆ ఊరికి మిగిలింది ఎండిన బావి, ఒక బోర్డు. 1995 నవంబరు 10న చమురు కాలుష్యం మీద పోరాడిన రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మంది ఒగోనీ తెగవాళ్లను సైనిక ప్రభుత్వం ఉరితీసింది. ఇప్పుడు కుర్రాళ్లు పైపులు కోసి అడవిలో ముడి చమురు కాస్తారు. మసి పోర్ట్ హార్కోర్ట్ ఆకాశం దాకా పాకుతుంది. దొంగతనం కదా అంటే, మొదటి దొంగ ఎవరని అడుగుతారు. నన్ అనే పాయ మొగలోని అకాసాలో 1895 జనవరిలో నెంబె రాజు కోకో మనుషులు రాయల్ నైజర్ కంపెనీ గిడ్డంగుల మీద పడ్డారు. తమ ఏటి మీద తమనే వ్యాపారం చేయనివ్వలేదన్నది వాళ్ల కోపం.

ఉత్తరం వాడు దక్షిణాన్ని, క్రైస్తవుడు ముస్లింను, ఇగ్బో వర్తకుడు అబుజాను, డెల్టా కుర్రాడు కంపెనీని వేలెత్తి చూపుతాడు. గోడు ఒకటే, నేరస్థుడే మారతాడు. ఈ తేడా మీదే పాలించేవాళ్లు బతుకుతున్నారు. సబ్సిడీ పోయాక కేంద్ర ఖజానా నుంచి రాష్ట్రాలకు వెళ్లే వాటా బాగా పెరిగింది. చమురు రాష్ట్రాలకు రాజ్యాంగం ఇచ్చిన 13 శాతం దానికి అదనం. ‘మిగిలిన డబ్బు ఎక్కడ’ అన్న ప్రశ్నకు జవాబులో పెద్ద ముక్క గవర్నర్ల దగ్గర ఉంది, వాళ్లు ప్రతి మతంలోనూ ప్రతి తెగలోనూ ఉన్నారు. 774 స్థానిక ప్రభుత్వాల డబ్బు గవర్నర్ల చేతికి ఇవ్వకుండా నేరుగా వాటికే చెల్లించాలని 2024 జులై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏడాది తిరిగినా డబ్బు పాత దారినే పోయింది. 2027 ఎన్నికల్లో అభ్యర్థి ఏ మతం వాడన్న చర్చ ఎలాగూ జరుగుతుంది. జరగాల్సింది మాత్రం ఈ తీర్పు మీద.