గొట్టంలో కెమిస్ట్రీ: ట్రైనింగ్‌కి వెళ్ళాలనుకునే మన పిల్లల కోసం

పోస్టు పెద్దది, ఖాళీ ఉన్నప్పుడు చదవండి.

మేం ముగ్గురం పాడేరు వైపు నుంచి వచ్చి విశాఖలో హాస్టల్లో ఉంటూ బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్నాం. మొన్న వేసవిలో హైదరాబాద్‌లో నాలుగు వారాల ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చాం. తక్కువ వ్యర్థంతో, తక్కువ ప్రమాదంతో రసాయనాలు తయారుచేసే కొత్త పద్ధతులు నేర్పే కోర్సు అది. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ జూనియర్లు అడిగేవి రెండే ప్రశ్నలు. ఉద్యోగం వస్తాదా? డబ్బులు కట్టొచ్చా? రెండింటికీ జవాబు చెప్తాం, కానీ ముందు అక్కడ ఏం నేర్చుకున్నామో చెప్పాలి. అది తెలియకపోతే మా జవాబు మీకు అర్థం కాదు.

మొదటి రోజు సార్ బోర్డు మీద ఒకే లెక్క వేశారు. ఒక కిలో సరుకు తయారుచేస్తే ఎన్ని కిలోల చెత్త మిగులుతుంది? దీన్ని ఈ-ఫ్యాక్టర్ అంటారు. రోజర్ షెల్డన్ అనే శాస్త్రవేత్త 1992లో పెట్టిన కొలత. పెట్రోలు శుద్ధి చేసే చోట ఇది 0.1 కంటే తక్కువ. పెద్ద ఎత్తున తయారయ్యే మామూలు రసాయనాలకి 1 నుంచి 5 దాకా. మందుల దగ్గరకొచ్చేసరికి 25 నుంచి 100, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే ఒక కిలో మందు పొడి వెనకాల పాతిక నుంచి వంద కిలోల చెత్త. అందులో ఎక్కువ భాగం సాల్వెంట్లే, అంటే రసాయనాలు కరిగించడానికి, కడగడానికి వాడే ద్రవాలు.

షెల్డన్ లెక్కలో మొదట్లో నీళ్ళని కలపలేదు. క్లాసులో అందరూ అది రాసుకుని ముందుకెళ్ళిపోయారు. మేం మాత్రం అక్కడే ఆగిపోయాం. గెడ్డ నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళం, నీళ్ళని లెక్కలోంచి తీసెయ్యడం మాకు మింగుడుపడలేదు.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో తెలిసింది. అక్కడ మందుల కంపెనీల మురుగుని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. పీహెచ్‌సీలో మనకి ఇచ్చే సిప్రో బిళ్ళ ఉంది కదా, అదే మందు. శుద్ధి చేశాక కూడా అంత ఉందన్నమాట. కొన్ని బ్యాక్టీరియాలని చంపడానికి సరిపోయే మోతాదుకి వెయ్యి రెట్లు పైనే. అలాంటి నీళ్ళలో బతకడం అలవాటైన బ్యాక్టీరియాకి రేపు మందు పనిచేయదు. బిళ్ళ తయారుచేసిన చోటే బిళ్ళ పనికిరాకుండా పోతుందంటే ఇంకేం చెప్తాం.

సరే, మరి తక్కువ చెత్తతో ఎలా చేస్తారు? కోర్సులో చాలా చెప్పారు గానీ మాకు బాగా ఎక్కినవి మూడు.

ఒకటి, దారి మార్చడం. ఒళ్ళు నొప్పులకి వేసుకునే ఐబుప్రొఫెన్‌ని పాత పద్ధతిలో ఆరు మెట్లలో చేసేవారు. వేసిన అణువుల బరువులో దాదాపు 40 శాతమే మందులోకి వెళ్ళేది, మిగతాది చెత్త. తర్వాత వచ్చిన పద్ధతిలో మూడే మెట్లు, 77 శాతం మందులోకి వెళ్తుంది. పాత దారిలో అల్యూమినియం క్లోరైడ్ ఒకసారి వాడి పారేయాలి. కొత్త దారిలో దాని బదులు హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడి, మళ్ళీ పట్టి తిరిగి వాడతారు. ఇక్కడ మా మాట ఒకటి. హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఒంటి మీద పడితే ఎముక దాకా దిగుతుంది. చెత్త తగ్గింది నిజమే, కానీ దాని దగ్గర నిలబడే మనిషికి భయం తగ్గలేదు. గ్రీన్ అని బోర్డు పెట్టిందల్లా మెత్తనిది అనుకోకండి.

రెండు, ఫ్లో. కోర్సులో మా మనసు దోచుకుంది ఇదే. మామూలుగా కంపెనీల్లో వేల లీటర్ల రియాక్టర్లో అన్నీ వేసి కలుపుతారు, పెళ్ళి గుండిగలో అన్నం వండినట్టు. గుండిగ పెద్దదైతే అంచున మాడుతుంది, మధ్యలో పలుకుంటుంది. రియాక్టర్లో అయితే అన్నం మాడటంతో ఆగదు. లోపల పుట్టిన వేడి బయటికి పోకపోతే రసాయనం ఇంకా వేగంగా మండుతుంది, అదుపు తప్పుతుంది. ఫ్లోలో గుండిగే ఉండదు. సెలైన్ పైపు కంటే సన్నని గొట్టం చుట్టలు చుట్టి ఉంటుంది. రెండు పంపులు రెండు ద్రవాల్ని తోస్తాయి, ఒక చోట అవి కలుస్తాయి, గొట్టంలో నడుస్తూనే మారిపోయి అవతల సరుకుగా బయటికొస్తాయి. గొట్టం సన్నం కాబట్టి వేడి వెంటనే బయటికి పోతుంది. ఏ క్షణంలో చూసినా లోపల ఉండేది కొన్ని మిల్లీలీటర్లే.

దాని లెక్క కూడా సులువే. గొట్టంలో 10 మి.లీ. పడుతుంది, ఒక్కో పంపు నిమిషానికి అర మి.లీ. తోస్తుంది అనుకోండి. రెండూ కలిపి నిమిషానికి 1 మి.లీ. అంటే ద్రవం గొట్టంలో ఉండేది 10 నిమిషాలు. దీన్ని రెసిడెన్స్ టైమ్ అంటారు. పాఠం ఇంగ్లీషులో, మధ్యలో హిందీలో నడిచింది, మాకు సగమే అందింది. ల్యాబ్‌లో టెక్నీషియన్ అన్న ఒకాయన హుడ్ దగ్గర నిలబెట్టి "గొట్టంలో ఎంతసేపు ఉంటాదో అదే తమ్ముడూ, అంతకుమించి ఏం లేదు" అన్నాక మొత్తం వెలిగింది. అదే అన్న గొట్టం ఎలా మూసుకుపోతుందో కూడా కావాలనే చేసి చూపించాడు. లోపల ఉప్పులాంటిది ఏర్పడితే అడ్డం పడుతుంది, ప్రెషర్ ఎక్కుతుంది, పంపు ఆగిపోతుంది. పొడులు, గడ్డలు వచ్చే రియాక్షన్లకి ఫ్లో కష్టం. బ్రోచర్లలో ఆ ముక్క కనిపించదు.

మూడు, ఎంజైములు. షుగరు జబ్బుకి వాడే సిటాగ్లిప్టిన్‌ని ఇదివరకు రోడియం అనే ఖరీదైన లోహంతో, ఎక్కువ ప్రెషర్లో హైడ్రోజన్ గ్యాసు పెట్టి చేసేవారు. ఇప్పుడు ఆ మెట్టుని ఒక ఎంజైము చేస్తుంది. ప్రకృతిలో దొరికిన ఎంజైముకి ఈ పని అసలు రాదు. దాన్ని తరతరాలుగా మారుస్తూ, బాగా పనిచేసినదాన్ని ఏరుకుంటూ, చివరికి 27 చోట్ల మార్చి పని నేర్పించారు. చెత్త 19 శాతం తగ్గింది. ఎంజైముల్ని ఇలా తీర్చిదిద్దే పద్ధతికి ఫ్రాన్సిస్ ఆర్నాల్డ్‌కి 2018లో నోబెల్ వచ్చింది.

ఇది వింటుంటే మాకు ఇప్పపువ్వు కుండ గుర్తొచ్చింది. కుండ వేడెక్కితే పులవదని మన ఇంట్లో అవ్వలకి తెలుసు. ఈస్టు చచ్చిపోతుంది, ఎంజైము పాడవుతుంది, అంతే విషయం. బురద నీళ్ళు తేరడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీయడం కూడా ఇలాంటిదే. అలాగని మన పెద్దోళ్ళకి సైన్సు అంతా ముందే తెలుసని డప్పు కొట్టడం మాకు ఇష్టం లేదు. తెలిసింది తెలుసు, దాన్ని కొలవలేదు. కొలవడం నేర్చుకోవడానికే మనం కాలేజీకి వచ్చాం.

ఇక అసలు సంగతి. మా ముగ్గురిలో ఒకరి మేనమామ విశాఖ వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు లేబర్. కోర్సుకి వెళ్ళేముందు అడిగాం.

"మామా, రోజూ ఎత్తే డ్రమ్ముల్లో ఏటుంటాది?"

"ఏటోరా, ఒకటి టోలీన్ అంటారు, ఇంకోటి ఎండీసీ అంటారు. ఎండీసీ మూత తీస్తే తల తిరుగుద్ది. ముక్కుకి గుడ్డ కట్టుకుంటాం."

ఎండీసీ అంటే మిథిలీన్ డైక్లోరైడ్. 40 డిగ్రీలకే మరుగుతుంది. మన విశాఖ ఎండకి మూత తీస్తే ఆవిరి మొహానికే కొడుతుంది, గుడ్డ దాన్ని ఆపదు. పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న మామకి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. మాకు మాత్రం ఏసీ గదిలో, ప్రొజెక్టర్ మీద, రెండో వారంలో చెప్పారు. క్లాసులో లేచి అడిగాం, "సార్, ఇదంతా రియాక్టర్ కడిగేవాళ్ళకి, మేన్‌హోల్లోంచి పౌడర్ పోసేవాళ్ళకి ఎవరు నేర్పుతారు?" సార్ మంచాయనే. కాసేపు ఆలోచించి, "కంపెనీ సేఫ్టీ వాళ్ళు చెప్పాలి" అన్నారు. చెప్పాలి అన్నారు గానీ చెప్తారు అనలేదు.

భోపాల్‌లో 1984లో దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ ఒకే ట్యాంకులో ఉంది. అది చివరి సరుకు కూడా కాదు, పురుగుమందు చేసే దారిలో మధ్యలో వచ్చేది. అలాంటి మధ్య రసాయనాల్ని నిలవ పెట్టకుండా, పుట్టిన చోటే వెంటనే వాడేసుకోవచ్చని ఫ్లో చూపిస్తోంది. 2020 మే 7న విశాఖ పక్కన వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. అది లాక్‌డౌన్‌లో ట్యాంకులో నిలవుండిపోయిన ముడిసరుకు. ఫ్లో రియాక్టర్ ఉంటే ఆ ట్యాంకు ఉండేది కాదని మేం అనం, అది అబద్ధం అవుతుంది. కానీ ఎంత నిలవుంది, ఎంత వేడిలో ఉంది అని అడగడం తెలిసిన మనిషి గేటు లోపల ఉండటం వేరు, డ్రమ్ము మోసే మనిషిగా మాత్రమే ఉండటం వేరు. మన వాళ్ళు ఇన్నాళ్ళూ రెండో రకంగానే లోపలికి వెళ్ళారు.

ఇప్పుడు మీ రెండు ప్రశ్నలు.

డబ్బు. ఫీజు, రూము, తిండి, బస్సు కలిపి ఒక్కొక్కరికి పద్దెనిమిది వేలు అయ్యింది, ఇళ్ళల్లో కాఫీ అమ్మిన డబ్బు. కట్టేముందు ఫోన్ చేసి ఒక్కటి అడగండి, మా చేత్తో పంపు నడపనిస్తారా, లేక చూపిస్తారా అని. చూపిస్తాం అంటే కట్టొద్దు, ఆ వీడియోలు ఫోన్లో ఉచితంగా ఉన్నాయి. నూరు శాతం ప్లేస్‌మెంట్ అని చెప్పే చోటుకి అసలే వద్దు. ప్రభుత్వ ప్రయోగశాలల్లో కూడా సీఎస్ఐఆర్ స్కిల్ కోర్సులు పెడుతుంటారు, తార్నాకలో ఐఐసీటీ ఉంది, ముందు అలాంటివాటి నోటిఫికేషన్లు చూడండి. ఐటీడీఏ ఆఫీసులో ఫీజు సాయం కోసం అర్జీ పెట్టాం, ఇంకా కదల్లేదు. మీరు వెళ్ళేముందే పెట్టండి, వెళ్ళొచ్చాక పెడితే బిల్లులు చూసి పక్కన పెడుతున్నారు.

ఉద్యోగం. కోర్సు అయ్యాక ఒక కంపెనీ మా ఇద్దరిని ప్రొడక్షన్ ట్రైనీగా తీసుకుంటామంది. ఇంటర్వ్యూలో ఫ్లో గురించి ఒక్క ముక్క అడగలేదు. నైట్ షిఫ్టు చేస్తారా, హాస్టల్ కావాలా, అంతే. "మీ దగ్గర సాల్వెంట్ ఎంత తిరిగి పడుతున్నారు సార్?" అని మేం అడిగితే ఆయన నవ్వి, "ముందు చేరండమ్మా" అన్నారు. అక్కడ ఉన్నవన్నీ గుండిగలే, అదే పెద్ద రియాక్టర్లు. నేర్చుకున్నది రేపే వాడతామన్న ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఈ నెలాఖరుకి జవాబు చెప్పాలి. మాలో ఒకరు చేరుతున్నారు, ఇంట్లో అప్పుంది. ఒకరు ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి చదువుతున్నారు. మూడో వాళ్ళ నాన్న బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు, ఆ ఇంట్లో ఇంకా మాటలు నడుస్తున్నాయి. ముగ్గురం ఒకే దారిలో వెళ్ళాలని మొదట అనుకున్నాం గానీ, ఒకరు కంపెనీ లోపల, ఒకరు చదువులో ఉండటమే మేలనిపిస్తోంది. చేరేవాళ్ళు మొదటి జీతం రాకముందే మామ వాళ్ళ షెడ్డుకి వెళ్ళి ఏ డ్రమ్ములో ఏముంది, దేనికి ఎలాంటి మాస్కు కావాలి అని తెలుగులో ఒక కాగితం రాసి ఇస్తామన్నారు. ఆ కాగితం తయారయ్యాక ఇక్కడ పెడతాం. మీ ఇళ్ళల్లో ఎవరైనా కంపెనీల్లో ఉంటే డ్రమ్ము మీద ఉన్న పేరు రాసుకుని మాకు పంపండి.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి హాస్టల్ మెస్‌లో కూర్చుందాం. ప్రాక్టికల్ రికార్డు, కాలిక్యులేటర్ తెచ్చుకోండి. మనం కాలేజీలో చేసిన యాస్పిరిన్ ప్రాక్టికల్‌తోనే మొదలుపెడదాం. కాగితం మీద అణువుల లెక్క 75 శాతం వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. అదే 2 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం, 4 మి.లీ. అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ పోసి 1.8 గ్రాముల యాస్పిరిన్ తీశాం అనుకుంటే ఈ-ఫ్యాక్టర్ 2.5. కడగడానికి పోసిన 40 మి.లీ. చన్నీళ్ళు కూడా కలిపితే దాదాపు 25. మీ రికార్డులో మీ అంకెలు వేసుకుని ఎంతొచ్చిందో పట్టుకుని రండి.